రెండోసారి పాడే వరస

తెర మీద పాట సరిగ్గా నడుస్తున్నంతసేపు కృపారాణి ఆ చర్చిలో ఉన్నట్టు ఎవరికీ గుర్తుండదు. ఒక్క చరణం ఆలస్యమైతే మాత్రం కూర్చున్నవాళ్లంతా మెడలు తిప్పి వెనక స్తంభం వైపు చూస్తారు. అక్కడ ఒక ప్లాస్టిక్ బల్ల, దాని మీద ల్యాప్‌టాప్, దాని వెనక ఆమె. వారమంతా తాండూరులో జిరాక్స్, టైపింగ్ దుకాణం నడుపుతుంది. ఆదివారం అవే వేళ్లతో పాటలు నడుపుతుంది. జీతం లేని ఈ పనిని చర్చిలో సేవ అంటారు. తప్పు జరిగిన రోజున ఆపరేటర్ పొరపాటు అంటారు.

పాస్టరు కొడుకు ప్రేమ్‌సాగర్ హైదరాబాద్‌లో కీబోర్డు నేర్చుకుని వచ్చాక ఈ సాఫ్ట్‌వేర్ తెచ్చాడు. అంతకుముందు తెర మీద మాటలు మాత్రమే పడేవి. ఇప్పుడు మాటల కింద రాగం కూడా పడుతుంది. ఒక్కో అక్షరం కింద ఒక చుక్క. గొంతు లేవాల్సిన చోట చుక్క పైకి పోతుంది, దిగాల్సిన చోట కిందికి వస్తుంది. చుక్కలన్నిటినీ కలుపుతూ ఒక గీత. పాడాల్సిన అక్షరం పసుపు రంగుకు మారుతుంది. కీబోర్డుకూ ల్యాప్‌టాప్‌కూ తీగ కలిపి ఉంటుంది కాబట్టి అతను శ్రుతి మారిస్తే తెర మీద చుక్కలు కూడా మారిపోతాయి. చదవడం వచ్చినవాళ్లు ఎన్నడూ వినని పాటను కూడా రెండో చరణానికల్లా పాడేస్తారు.

"ఇగ ఎవ్వరు పాట తప్పు పాడే ముచ్చటే లేదు" అని ప్రేమ్‌సాగర్ మొదటి ఆదివారమే ప్రకటించాడు.

తెర లేని రోజుల్లో ఆ చర్చిలో పాట ఎత్తుకున్నది కృపారాణి అత్త చంద్రవ్వ. ఆమెకు అక్షరం ముక్క రాదు. ఒంట్లో బలం ఉన్నన్నాళ్లూ నాపరాయి గనిలో బండలు మోసింది. సుత్తుల చప్పుడు మీద వినబడాలంటే గొంతు పెద్దదే కావాలి, ఆమెది పెద్దదే. ఇప్పుడు ఊపిరితిత్తుల నిండా రాతి దుమ్ము. రెండు మెట్లు ఎక్కితే ఆగి గాలి పీల్చుకోవాలి. మాటలో పదును మాత్రం తగ్గలేదు. కోడలు దుకాణం నుంచి పొద్దుపోయి వచ్చిన ప్రతిసారీ ఒకటే పలకరింపు.

"ఏం పిల్లా, తాండూరు కాయితాలన్నీ నువ్వే అచ్చుకొట్టి వస్తున్నవా?"

"నువ్వు తినే బియ్యం గా కాయితాలే తెస్తున్నయి అత్తమ్మా."

కృపారాణి భర్త లారీ నడుపుతూ నెలలో ఎక్కువ రోజులు కర్ణాటక రోడ్ల మీదే ఉంటాడు. ఇంట్లో ఉండేది వీళ్లిద్దరే. ఒకరిని ఒకరు గెలవనివ్వకుండా కాలం గడుపుతుంటారు.

వికారాబాద్‌లో ఏటా జరిగే సభలకు చుట్టుపక్కల చర్చి సంఘాల గాయకులంతా కలిసి పాడతారు. ఈసారి పాటల బాధ్యత ప్రేమ్‌సాగర్‌కు వచ్చింది. మన ప్రాంతంలో పుట్టిన పాట ఒకటి కావాలన్నాడు. కృపారాణి వెంటనే అత్త పేరు చెప్పింది. గనిలో పనిచేసే రోజుల్లో చంద్రవ్వ సొంతంగా కట్టిన పాట ఒకటుంది. "బండ మోసిన చేతులివి తండ్రీ, ఖాళీ చేతులివి తండ్రీ" అని మొదలవుతుంది. కృపారాణి ఇన్నేళ్లుగా ఎవరో తయారుచేసి పంపిన పాటలను తెర మీద వేస్తూ వచ్చింది. తాను చేతులారా ఎక్కించిన పాట ఒక్కటైనా పెద్ద తెర మీద చూడాలని ఆమెకు ఎప్పటినుంచో ఉంది. అది ఎవరితోనూ అనలేదు.

వంటింట్లో ఫ్యాను ఆపి, ఫోన్‌ను ఉప్పు డబ్బాకు ఆనించి, అత్తతో పాడించింది. చంద్రవ్వ పీట మీద కూర్చుని ఒక పాదం పాడి ఆగింది. మరో పాదం పాడింది, మళ్లీ ఆగింది. ప్రతి పాదం చివరా అంతే. పాపం ముసలామెకు గాలి అందడం లేదనుకుంది కృపారాణి. దుకాణంలో కూర్చుని ఆ ఖాళీలన్నీ ఓపికగా కత్తిరించేసింది. మిగిలిన గొంతును విని, ఒక్కో అక్షరం కింద ఒక్కో చుక్క పెట్టింది. పాదం రెండుసార్లు పాడాలని అత్త చెప్పింది కాబట్టి, పాటల పుస్తకాల్లో వేసినట్టే పక్కన రెండు అంకె వేసింది. ఆ అంకె కనిపిస్తే సాఫ్ట్‌వేర్ అదే గీతను మరోసారి నడిపిస్తుంది.

ఆమె పుట్టిన పూడూరు చర్చిలో హార్మోనియం ఉండేది. అందరూ పుస్తకం పట్టుకుని కలిసి ఒకేలా పాడేవాళ్లు. రెండోసారి అంటే మొదటిసారి పాడినట్టే పాడటం. వేరే పద్ధతి ఉంటుందని ఆమెకు తెలియదు. ఆమె కోడలిగా తాండూరు వచ్చేసరికి ఆ గని మూతపడి, చంద్రవ్వతో కలిసి పాడినవాళ్లంతా ఎటు వాళ్లు అటు వెళ్లిపోయారు.

పాట తయారైంది. పైన "రచన, బాణీ: చంద్రవ్వ" అని పెట్టింది. ప్రేమ్‌సాగర్ విని మెచ్చుకుని పరిగికి, పూడూరుకు, మిగతా సంఘాలకూ పంపాడు. అన్ని చోట్లా సాధన మొదలైంది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక తాండూరులో కూడా అందరితో పాడించారు. మందికి మంది తెర చూస్తూ, చుక్కల వెంట పోతూ తప్పు లేకుండా పాడారు. పాట పైకి లేచింది. రెండోసారీ పైకే లేచింది. ప్రతి పాదం రెండుసార్లు పైకి లేచి అక్కడే నిలిచిపోయింది.

ముందు వరసలో కూర్చున్న చంద్రవ్వ వెనక్కి తిరిగి కోడలి వైపు చూసింది. ఇంటి గడప దగ్గర చెప్పులు విడుస్తూ అడిగింది.

"అందరు నేనే అయితే అందుకునేటోళ్లు ఎవరు?"

కృపారాణికి అర్థం కాలేదు. చంద్రవ్వ మంచం మీద కూర్చుని, దమ్ము తీసుకుంటూ, విసుక్కుంటూ చెప్పింది. గనిలో పాట ఒకరు ఎత్తుకుంటారు, మిగతావాళ్లు అందుకుంటారు. మాటలు అవే, వరస అది కాదు. ఎత్తుకునేటామె పైకి తీసుకపోయి ఇడిచిపెడుతుంది. అందుకునేటోళ్లు దాన్ని కిందికి దించుతారు. దించితేనే పాట. చర్చిలోనూ ఆ పాట అట్లనే పాడారు.

"మరి ఆ రోజు పాడేటప్పుడు నువ్వు ఆగింది?"

"వాళ్ల కోసం ఆగిన. నీకేం సమజైంది?"

"నీకు దమ్ము వస్తలేదనుకున్న."

"దమ్ము రాకపోతే చెప్పనా, ఊకుంటనా?"

కృపారాణి ఫోన్ తీసింది. "సరే అత్తమ్మా, గా కింది వరస ఇప్పుడు పాడు. మార్చేస్త."

చంద్రవ్వ నోరు తెరిచింది. వచ్చింది పై వరసే. మళ్లీ ప్రయత్నించింది, సగం దాకా దిగి మళ్లీ పైకే పోయింది. మూడోసారి మధ్యలో ఆపేసింది.

"నేనెన్నడు పాడిన? గా వరస వాళ్లది" అంది. ఆ మాటలో కోపం ఉంది. కోడలి మీదా తన మీదా తెలియదు.

సభలు దగ్గరపడ్డాయి. ఇట్లాగే పాడితే పాట అదే అయిపోతుందని తెర నడిపే మనిషికి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. కొత్తవాళ్లకు తెర మీద ఉన్నదే పాట. కత్తిరించింది తానే కాబట్టి అతికించాల్సింది కూడా తానే అనుకుంది కృపారాణి. అందుకున్నవాళ్లలో ఎవరు మిగిలారని అత్తను అడిగితే చాలాసేపు బిగదీసుకుని చివరికి ఒక పేరు చెప్పింది. రెబెక్క. కోట్‌పల్లిలో బిడ్డ దగ్గర ఉంటుంది.

దుకాణం మూసి కృపారాణి బస్సెక్కింది. రెబెక్క అరుగు మీద కూర్చుని చాటలో కందులు చెరుగుతోంది. వచ్చిన మనిషి ఎవరో తెలుసుకుని కూడా చాట ఆపలేదు.

"చంద్రవ్వ కోడలివా. ఇంక బతికే ఉన్నదా ఆమె?"

"ఉన్నది పెద్దమ్మా. మంచిగున్నరా అని అడగమన్నది."

"అడగమనలే. ఆమె అడగదు. నువ్వే కల్పిస్తున్నవ్."

కృపారాణి నవ్వు ఆపుకోలేకపోయింది. రెబెక్క నవ్వలేదు. వచ్చిన పని విన్నాక ఒక్కటే అడిగింది.

"తెర మీద ఎవరి పేరున్నది?"

కృపారాణి చెప్పింది.

"గదే అనుకున్న. ఎత్తుకునేటామె పేరు. సభలకు పిలిస్తే ఆమెకు జీపుల ముందర సీటు, మేము వెనక ట్రాక్టర్ డబ్బల. పాట అయినంక దండ ఆమెకు, మాకు దుమ్ము. కింది వరస ఎవరు కట్టిన్రో తెలుసా నీకు? మొదలు తిప్పింది ఈరమ్మ. అవతలి నుంచి కూలికొచ్చిన కన్నడపామె. చర్చిల అడుగు పెట్టలే ఎన్నడు. బండ కింద పెట్టేటప్పుడు మనిషి గాలి ఇడుస్తది గద, గట్ల తిప్పేది. నేను, కరుణ ఆమె వెంట అందుకున్నం. వాళ్లిద్దరు పోయిన్రు. నేనున్న."

"మీ ముగ్గురి పేర్లు పెడ్త పెద్దమ్మా."

"నువ్వంటే అయిపోతదా? నీ మాట ఎవరు ఇంటరు?"

"తెర నడిపేది నేనే."

రెబెక్క చాటను ఒళ్లోకి దించుకుంది. "పేర్లు పడితేనే ఆ వరస. పేర్లు లేకుంటె ఆ వరస కూడ లేదు. నీ ఫోన్ల సుత తీసెయ్యాలె. ఒప్పుకుంటవా?"

కృపారాణి ఒప్పుకుంది. కత్తిరించకముందు చేసిన రికార్డింగు ఫోన్‌లో ఇంకా ఉంది. దాన్ని పెట్టింది. వంటింట్లో పాడిన చంద్రవ్వ గొంతు కోట్‌పల్లి అరుగు మీద లేచింది. రెబెక్క చేతులు కందుల్లో ఆగిపోయాయి. మొదటి పాదం అయింది, ఖాళీ వచ్చింది. రెబెక్క అందుకుంది. గొంతు జీరపోయింది, అయినా పాదం మెట్టు మెట్టుగా దిగి, చివరి మాట దగ్గర నేలకు తగిలినట్టు ఆగింది. ఆగీ ఆగగానే ఫోన్‌లో చంద్రవ్వ రెండో పాదం ఎత్తుకుంది. ఏళ్ల తరబడి కలవని ఇద్దరు మనుషుల మధ్య ఒక్క అక్షరం ఎక్కువ కాలేదు, తక్కువ కాలేదు. కృపారాణి వెంట తెచ్చుకున్న దుకాణం ఫోన్‌లో అంతా ఎక్కించుకుంది.

ఇంటికి వచ్చి వరస దొరికిందని చెప్పింది. పేర్ల సంగతీ చెప్పింది. చంద్రవ్వ ముఖం మారింది.

"వాళ్ల పేర్లు ఎందుకు?"

"కింది వరస వాళ్లదే అని నువ్వే అంటివి గద."

"అంటె? నేను ఎత్తుకోకుంటె దేన్ని అందుకుంటరు? రెబెక్కకు మొదటి సంది నేనంటె కుళ్లు."

"వరస కావాల్నా, వద్దా?"

"వరస కావాలె. పేర్లు వద్దు."

కృపారాణి ఆమెతో వాదించలేదు. పాటను మళ్లీ తయారుచేసింది. రెండు అంకె తీసేసి, రెండోసారి పాడే పాదాన్ని విడిగా రాసి, దాని కింద దిగే చుక్కలు పెట్టింది. రంగు కూడా వేరే పెట్టింది. పైన నాలుగు పేర్లు. ప్రేమ్‌సాగర్‌కు వినిపిస్తే అతను కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు.

"బాగుంది అక్కా. నిజంగ బాగుంది" అన్నాడు. అని కళ్లు తెరిచాడు. "కాని పరిగోళ్లు, పూడూరోళ్లు అందరు నేర్చుకున్నంక ఇప్పుడు మారిస్తె పరేషాన్ ఐతరు. మళ్ల గీ పేర్లు. నాలుగు పేర్లు ఎవరు చదువుతరు? పైగా గా ఈరమ్మ మన సంఘం గాదు."

"బండ మాత్రం మోసింది తమ్మీ."

"గది వేరే ముచ్చట అక్కా. సభలు అయిపోనీ. తర్వాత చూద్దాం."

చర్చిలో తర్వాత చూద్దామన్న పనులు చాలా ఉన్నాయి. వాటిలో మరుగుదొడ్డి ఒకటి. తర్వాత అంటే ఎంత దూరమో కృపారాణికి తెలుసు. ఆమెకు తెలిసిన ఇంకో సంగతి కూడా ఉంది. ఒక్క చరణం ఆలస్యమైతే మెడలు తిప్పే జనం అది. తెర ఎటు పోతే అటు పోతారు. తెర కిందికి దిగితే వాళ్లూ దిగుతారు. ఆ లెక్కతోనే వికారాబాద్ మైదానంలో ఆపరేటర్ బల్ల దగ్గర కూర్చుని, పాత పాటను పక్కకు పెట్టి కొత్తది తెరిచింది.

సాయంత్రం వెలుగు ఇంకా ఉంది. వేదిక మీద గాయకులు, పక్కన కుర్చీలో శాలువా కప్పుకున్న చంద్రవ్వ, ఆమె ముందు మైకు. తెర మీద ముందుగా నాలుగు పేర్లు పడ్డాయి. ఆడవాళ్లు కూర్చున్న వైపు ఒకామె లేచి చెయ్యి చాపి, పక్కనున్న ముసలామెకు ఏదో చూపిస్తోంది. రెబెక్క, ఆమె బిడ్డ. అంతకు ముందు రోజు కృపారాణే ఫోన్ చేసి రమ్మంది. కీబోర్డు దగ్గర ప్రేమ్‌సాగర్ కూడా తెర వైపు చూశాడు. కానీ అప్పటికే పాట మొదలైంది.

మొదటి పాదాన్ని గాయకులు బాగా ఎత్తారు. తెర మీద దిగే గీత వచ్చింది. కృపారాణి లెక్క సగమే నిజమైంది. మైదానంలో కూర్చున్నవాళ్లు తెర చూస్తూ చుక్కల వెంట కిందికి దిగారు. వేదిక మీద గాయకులు తెర చూడటం లేదు. నెల రోజులు సాధన చేసి పాటను కంఠస్థం చేసినవాళ్లు తెర ఎందుకు చూస్తారు? వాళ్లు పైకే వెళ్లారు. పెద్ద పెద్ద స్పీకర్లలో గాయకులు పైన, కింద జనం. రెండూ గుద్దుకుని పాట చిందరవందర అయింది. ఎవరు తప్పారో తెలియక జనం తగ్గిపోయారు. కొందరు బల్ల వైపు మెడలు తిప్పారు. ప్రేమ్‌సాగర్ ఒక చేత్తో వాయిస్తూ రెండో చేత్తో తెరకు కలిపి ఉన్న తన ట్యాబ్ మీద ఏదో నొక్కాడు. తెర నల్లగా అయిపోయింది.

ఇక దారి చూపేది వేదిక ఒక్కటే. రెండో చరణం మొదలైంది. మొదటి పాదం అయ్యాక ఆడవాళ్ల వైపు నుంచి ఒక గొంతు, ఒకే గొంతు, కింది వరస అందుకుంది. చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు. బ్యాడ్జి పెట్టుకున్న వాలంటీరు అమ్మాయి వంగి, రెబెక్క భుజం మీద చెయ్యి వేసి, "అమ్మా, అందరితోటి కలిసి పాడున్రి" అని మర్యాదగానే చెప్పింది.

కృపారాణి ఆ వైపు చూడటం మానేసి అత్తను చూసింది. చంద్రవ్వ ఆగితే చాలు. ఆమె ముందు మైకు ఉంది. ఒక్క పాదం దగ్గర ఆమె నోరు మూస్తే ఆ ఖాళీలో రెబెక్క గొంతు కొంతైనా వినబడుతుంది. చంద్రవ్వ ఆగలేదు. గాయకులతో కలిసి అదే పాదాన్ని రెండోసారీ పైకి తీసుకపోయింది. గనిలో సుత్తుల మీద వినబడిన గొంతు, స్పీకర్ల నిండా అదే. రెబెక్క కూర్చుంది. పాట అయ్యేలోపే తల్లీబిడ్డలు లేచి వెళ్లిపోయారు.

చప్పట్లు బాగానే కొట్టారు. ఆపరేటర్ పొరపాటు వల్ల కలిగిన అంతరాయానికి మన్నించమని మైకులో చెప్పారు.

తాండూరు వెళ్లే రైల్లో చంద్రవ్వకు కిటికీ పక్కన సీటు దొరికింది. శాలువాను మడిచి ఒళ్లో పెట్టుకుంది. కృపారాణి ఎదురుగా కూర్చుని అడిగింది.

"ఆగకపోతివేంది అత్తమ్మా?"

"అందరు అటే పోతున్నరు."

"నువ్వు ఆగితె రెబెక్క అందుకునేది. నీకు వినబడలేదా?"

"వినబడ్డది." చంద్రవ్వ కిటికీ వైపు తిరిగింది. "నేను ఆగితె పాట మర్చిపోయిందనుకుంటరు. దమ్ము లేదనుకుంటరు. నువ్వు అనుకోలేదా?"

కృపారాణి నీళ్ల సీసా మూత తీసి అత్తకు అందించింది.

తర్వాతి ఆదివారం ల్యాప్‌టాప్ ముందు పాస్టరు బంధువు భవ్యశ్రీ కూర్చుంది. కృపారాణిని ఎవరూ ఏమీ అనలేదు. నీకు కూడ ఆరాధనల ప్రశాంతంగ కూసునే ఛాన్సు దొరికింది గద అక్కా అన్నాడు ప్రేమ్‌సాగర్. పాత పాటే మళ్లీ తెరకెక్కింది. సభల వీడియోలో గందరగోళమైన ముక్క తీసేసి, మిగతాది బయటికి వదిలారు. ఊరూరా సంఘాలు ఆ పాట పంపమని అడిగాయి. పంపిన ప్రతిదాని మీదా ఒకటే పేరు ఉంది. చంద్రవ్వ ఇంట్లో బియ్యం ఏరుతూ ఆ పాట పాడుకునేటప్పుడు కూడా ఇప్పుడు ఆగడం లేదు. ప్రతి పాదాన్నీ రెండుసార్లు పైకే పాడుతుంది. తెలిసి పాడుతోందా, అలవాటైపోయిందా అని కృపారాణి అడగలేదు.

కోట్‌పల్లి నుంచి రెబెక్క ఫోన్ చేసింది.

"నా బిడ్డ ఫోన్ల చూసింది. మా పేర్లు లేవంట."

"లేవు పెద్దమ్మా. తీసేసిన్రు. నా చేతుల లేదు ఇప్పుడు."

"తెర నడిపేది నేనే అంటివి."

"అన్న."

"మరి నా మాట యాదికున్నదా?"

కృపారాణి బతిమాలింది. తెరకు కాకపోయినా తన దగ్గర ఉండనివ్వమంది. ఇంకో చోట ఎక్కడా ఆ వరస లేదని, ఇది పోతే పోయినట్టేనని చెప్పింది. పేర్లు పెట్టి తానే ఎప్పుడో ఒకప్పుడు బయటపెడతానంది.

"ఒక్కసారి నమ్మిన గద" అంది రెబెక్క. "తీసెయ్ బిడ్డా. నా గొంతు నాకిడువు."

ఉంచుకుంటే అడిగేవాళ్లు లేరు. కోట్‌పల్లి నుంచి వచ్చి ఫోన్ వెతికేవాళ్లు లేరు. కృపారాణి దుకాణం తలుపు సగం దించి కూర్చుంది. ముందు రెబెక్క రికార్డింగు తీసేసింది. తర్వాత దిగే చుక్కలు పెట్టి తయారుచేసిన పాట. శాశ్వతంగా తొలగించాలా అని మిషను అడిగింది. అవునంది. తిరిగి ఫోన్ చేసింది.

"తీసేసిన పెద్దమ్మా."

"నీకు యాదికున్నదా ఆ వరస?"

"జర జర ఉన్నది."

"మర్చిపో" అంది రెబెక్క. ఫోన్ పెట్టేసింది.